రోజుకు ముప్పైమూడు టీలు

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ముగించి, చాగలమర్రి రోడ్డు పక్కన టీ గ్లాసు పట్టుకుని ఫోను తెరిచాను. కోటు తొడుక్కున్న కుర్రాడొకడు అందులోంచి నా గ్లాసు వైపే వేలు చూపించి, పిల్లల భవిష్యత్తును గుటక గుటకగా తాగేస్తున్నావన్నాడు. మే నెలలో కోటేసుకుని కూర్చోగలిగినవాడి మాట తీసెయ్యలేం. ఆ గదిలో ఏసీ ఉందన్నమాట. ఆ ఏసీ టీ మానేసి కొన్నదే కావచ్చు.

ఆయన చెప్పేది ఒకటే మాట. రోజూ తాగే టీ మానేసి ఆ డబ్బు సిప్‌లో పెడితే, పాప పెళ్లీడుకొచ్చేసరికి కోటి రూపాయలు. మూలకు పడి ఉన్న నా ఆశ లేచి కూర్చుంది. అంగడాయన దగ్గర పెన్సిలు అడుక్కుని, బజ్జీలు కట్టిన కాగితం మీదే లెక్క వేశాను.

నెలకు 10,000 కడుతూ పోతే, అది ఏటా 12 శాతం చొప్పున పెరిగితే, 20 ఏళ్లకు కోటికి ఓ పదివేలు అటూ ఇటూగా చేరుతుంది. నిజమే. మా దగ్గర టీ 10 రూపాయలు. నెలకు 10,000 మిగలాలంటే 1,000 టీలు మానాలి, అంటే రోజుకు 33. మానాలంటే ముందు తాగుతుండాలి కదా! నేను తాగేవి రెండు. అవి మానితే నెలకు 600, అదే లెక్కన 20 ఏళ్లకు 6 లక్షలు. ఆ 12 శాతమైనా ఎవరూ స్టాంపు కాగితం మీద రాసిచ్చింది కాదు. పైగా ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఆనాటి 6 లక్షలు ఈనాటి రెండు లక్షలకు కూడా సరితూగవు. 20 ఏళ్లు నోరు కట్టుకున్నందుకు అదీ ఫలం.

ఇంట్లో డబ్బంతా టీ గ్లాసంత చిల్లుల్లోంచి కారిపోతోందని వీళ్ల సిద్ధాంతం. మా వైపు జూన్ నెల ఎలా ఉంటుందో చూడనివాళ్ల సిద్ధాంతం అది. ఫీజు, పుస్తకాలు, వ్యాను, రెండు జతల యూనిఫాం, బుధవారానికి మాత్రం ఇంకో రంగు జత, దానికి తగ్గ తెల్ల బూట్లు. అక్షరాలింకా వంకరగా రాసే పిల్లకు ఐఐటీ పునాది. 2025 జూన్‌లో సర్కారు తల్లికి వందనం పథకం కింద పిల్లకు 15,000 అన్నారు. బడి అభివృద్ధికి 2,000 పట్టుకుని, తల్లి ఖాతాలో 13,000 వేశారు. మా వీధిలో ఆ డబ్బు ఖాతాలో ఒక్క రాత్రి నిద్ర చేసి, తెల్లారి తల్లికి ఓ నమస్కారం పెట్టి బడి కౌంటరుకు వెళ్లిపోయింది. ఆ 13,000తో 1,300 టీలొస్తాయి. వాటిని ఏ కోటూ వేలెత్తి చూపించదు. బడి ఖర్చు కదా, అది పెట్టుబడి. టీ మాత్రం దుబారా.

ఇంతకీ మా మీద నేరం, దాచుకోవడం తెలియదని. మా జిల్లా వాళ్లు దాచక చెడలేదు సామీ, దాచి చెడ్డారు. కేశవరెడ్డి బడులు గుర్తుండే ఉంటాయి. ఏటేటా ఫీజు బాధ లేదు. చేర్చేటప్పుడే పెద్ద మొత్తం డిపాజిట్ కట్టాలి, దాని వడ్డీ మీద పిల్లవాడు చదువుకుంటాడు, పదో తరగతి గట్టెక్కాక అసలు తిరిగి చేతికొస్తుంది. ఇంత తెలివైన పొదుపు ఏ కోటు కుర్రాడి బుర్రకైనా తట్టిందా? అటు చదువు, ఇటు దాపు. తీరా పిల్లలు పది పాసై బయటికొచ్చారు, చాలామంది అసలు మాత్రం లోపలే ఉండిపోయింది. 2015 సెప్టెంబరులో యజమానిని అరెస్టు చేశారు, కేసు సీఐడీకి పోయింది. డబ్బు కట్టినవాళ్లు కాగితాల సంచీ చంకన పెట్టుకుని తిరిగారు. వాళ్లెవరూ దుబారా మనుషులు కారు. ఒక్క పైసా వృథా కాకూడదనుకున్నవాళ్లు.

అగ్రిగోల్డ్ సంగతి కొత్తగా చెప్పేదేముంది? 32 లక్షల మంది డిపాజిటర్లు, ఇరుక్కుపోయినవి 6,380 కోట్లు. వాళ్లలో ఎంతమంది టీ మాని కట్టారో కోటాయన ఒక వీడియో చేస్తే చూడాలని ఉంది.

సర్కారు మాత్రం ఊరుకుందా? 2024 సెప్టెంబరు 18న ఎన్‌పీఎస్ వాత్సల్య తెచ్చింది. మొదట్లో ఏడాదికి కనీసం 1,000 కట్టమంది, చంటిపిల్లకు పింఛను ఖాతా. ఇంకా పాలపళ్లు రాలేదు, పళ్లూడే వయసుకు ఏర్పాటు! ఉగ్గుగిన్నె పక్కనే పింఛను పుస్తకం. పాప అరవై ఏళ్లకు ఏం తింటుందో తేలిపోయింది, ఆరో ఏట ఫీజు సంగతే తేలాలి.

మా వైపు ఓర్వకల్లు ఆడవాళ్లకు ఈ కోటాయనలా చెప్పేవాడు దొరకలేదు పాపం. 1990లలో రోజుకో రూపాయి లెక్కన పొదుపు మొదలుపెట్టారు. డబ్బు తమ గుంపులోనే తిరిగింది. అప్పిచ్చేది వాళ్లే, తీసుకునేది వాళ్లే, కట్టకపోతే వాకిట్లోకొచ్చి నిలదీసేదీ వాళ్లే. పారిపోవాలంటే ఊరే విడవాలి. ఈ పద్ధతి మీద వీడియోలు తక్కువ. అమ్మడానికి అందులో ఏమీ లేదు మరి. ఇప్పుడు మా ఊరి సంఘాల్లో అప్పు దేనికి తీస్తున్నారని పక్కింటక్కను అడిగితే, ఏం అడుగుతావులే అన్నట్టు చూసి, “ఇంక దేనికి నాయనా, ఫీజుకే” అనేసింది.

నా కాగితం మీది లెక్క అంగడాయన తలకిందులుగానే చదివాడు. ఆయనకూ ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఇంగ్లీషు మీడియమే.

“ఏం సార్, అందరూ టీ మానేస్తే కోటి వస్తాదంట కదా. మరి నేనేం మానాల?”

కోటాయన ఆ అగ్రిగోల్డ్ వీడియో ఇంకా చెయ్యలేదు. నేను గ్లాసు ముందుకు జరిపాను. ఈ రోజుకు మూడోది. ఇంకా 30 ఉన్నాయి.