డ్యూటీ రోజు మానేసిన బిళ్ల

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు బస్సు నడుపుతాను. బీపీ ఉందని తేలాక డాక్టరుగారు రాసిన బిళ్లలో టెల్మిసార్టాన్‌తో పాటు క్లోర్‌థాలిడోన్ కూడా ఉంది. ఈ రెండోదాన్ని మావాళ్లు నీళ్ల బిళ్ల అంటారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపేసి బీపీ తగ్గించడం దాని పని. అది తన పని బాగానే చేసింది. కానీ నిండు బస్సును రోడ్డు పక్కన ఎన్నిసార్లని ఆపను? సూర్యాపేట వచ్చేదాకా బిగబట్టుకునే కూర్చునేవాణ్ణి.

మొదట నీళ్లు తాగడం తగ్గించాను. మే నెల ఎండలో, ఇంజను వేడి పక్కన, అలాంటి మందు వేసుకుని నీళ్లు మానడం ఎంత ప్రమాదమో నాకు తట్టలేదు. పిక్కలు పట్టేసేవి. తర్వాత డ్యూటీ రోజుల్లో బిళ్లే మానేశాను. సెలవు రోజు మాత్రం వేసుకునేవాణ్ణి. ఇంట్లో కూడా చెప్పలేదు. బయటపడితే అన్‌ఫిట్ అని రాసేస్తారని భయం.

అంతకన్నా పెద్ద తప్పు ఆస్పత్రిలో చేశాను. బీపీ 170/100 ఉంది. "రోజూ వేసుకుంటున్నారా?" అని డాక్టరుగారు అడిగితే "వేసుకుంటున్నానండీ" అన్నాను. ఆవిడ నా మాట నమ్మి మోతాదు పెంచారు, ఇంకో మందు కలిపారు. సెలవు రోజు అవన్నీ మింగి, మధ్యాహ్నం మంచం మీంచి లేవబోతే కళ్లు చీకట్లు కమ్మి పడిపోయాను. అదే స్టీరింగు ముందు జరిగి ఉంటే? నన్ను నమ్మి, పిల్లల్ని ఒళ్లో వేసుకుని నిద్రపోయే తల్లులుంటారు నా వెనక. ఆ తలపు ఇప్పటికీ వదలదు.

అప్పుడు ఉన్నదంతా చెప్పాను. ఆవిడ నీళ్ల మందు తీసేసి, దాని బదులు ఆమ్లోడిపిన్ పెట్టి, బిళ్లలు రాత్రి వేసుకోమన్నారు. బ్రిటన్‌లో 21 వేలకు పైగా మందిని పరిశీలించారట. పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం ముప్పులో తేడా లేదని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిందని చెప్పారు. ఆమ్లోడిపిన్‌తో చీలమండలు కాస్త వాస్తున్నాయి. ఈసారి దాచలేదు.

లారీలు, రైళ్లు నడిపే అన్నలూ, గంటలకొద్దీ నిలబడే నర్సమ్మలూ, కానిస్టేబుళ్లూ, మందు రాయించుకునే ముందే మీ పని ఎలాంటిదో, ఏ వేళల్లో చేస్తారో డాక్టరుకు చెప్పండి. ఒక మందు పడకపోతే మార్చి ఇవ్వడానికి వేరేవి ఉన్నాయి. అడగకుండా మాత్రం మానేయకండి.