ఉగాది చింతపండు సారు

ఉగాది వారముందనగా హిందూపురంలో ఒక రకం మనిషికి చేతులు ఊరుకోవు. రిటైరైన సారు. పండక్కి మిఠాయి కొనడం ఆయనకు నామోషీ. చింతపండు, బెల్లం, జీలకర్ర, ఎండుమిరప, ఉప్పు కలిపి రోట్లో దంచించి, ఉండగట్టించి, పుల్లకు గుచ్చి, రంగు కాగితం చుట్టి బంధువులకు పంచుతాడు. ఇది పొదుపని కొందరు, ప్రేమని కొందరు. నాకు మాత్రం ఆయన అసలు పంచేది ఉపన్యాసమనీ, ఉండ దానికి టికెట్టనీ అనిపిస్తుంది.

ముందు సరుకు చూడండి. హిందూపురం మార్కెట్ యార్డు చింతపండుకు పేరుమోసింది. అక్కడ కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలు. కరిపులికి ధర ఎక్కువ. బెల్లం, మిరప, జీలకర్ర పడి దంచాక ఏది ఏదో నాలుక తేల్చుకోలేదు. అందుకే ఇది కరిపులి అని సారు నోటితో చెప్తాడు. ఫ్లవర్‌తోనూ ఉండ అవుతుంది గానీ ప్రసంగం కాదు. ఇక గింజ తీసేది, పీచు లాగేది, దంచేది ఇంట్లో ఆడవాళ్లు. ఉప్పు సరిపోయిందో లేదో చూడటం సారు వంతు. ఆ అర్హతతోనే "నేనే చేసినా, తిను సామీ" అంటాడు.

2022లో పెనుకొండ, ధర్మవరం, హిందూపురం మూడూ శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చినా, చుట్టరికాలు మాత్రం ఈ మూడు ఊళ్లను కలిపే రైలు పట్టాలనే పట్టుకుని ఉన్నాయి. ఉండలు పంచడానికి పెనుకొండలో దిగితే కియా ఫ్యాక్టరీలో పనిచేసే అల్లుడుంటాడు. వాళ్లింట్లో డ్రైఫ్రూట్ డబ్బా కనబడగానే సారు "మిషన్ సరుకు" అని పెదవి విరుస్తాడు. అల్లుడి జీతం ఎక్కడినుంచి వస్తోందో ఆ క్షణాన గుర్తుండదు. ధర్మవరంలో వియ్యంకులది మగ్గం ఇల్లు. ఒక్క పట్టుచీరకు రోజుల తరబడి గుంటలో కాళ్లుపెట్టి కూర్చునేవాళ్లకు, చేతిపని గొప్పతనం గురించి అరగంట చెప్పి వస్తాడు. నా వాదనకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఆరోగ్యానికి మంచిదే కదా అంటారు. పండుకు దీటుగా బెల్లం పడ్డాక షుగరున్న వియ్యపురాలికి ఏం ఆరోగ్యం? సంప్రదాయం కదా అంటారు. ఉగాదికి పంచుకునేది పచ్చడి. అందులోనూ చింతపండూ బెల్లమే, అయినా దానికి ఎవరూ ఉపోద్ఘాతం చెప్పరు, ఆ పని పంచాంగం చదివే పంతులు చూసుకుంటాడు. పుల్ల ఉండలేమో పిల్లలు బడి గేటు దగ్గర చిల్లరకు కొనుక్కునే సరుకు.

రుచిగానే ఉంటాయి కదా అనేది గట్టి మాట. ఒప్పుకోవాలి, బాగుంటాయి. పులుపుకు నోరూరుతుంది, బెల్లం పళ్లకు అంటుకుంటుంది, తినేవాళ్లు కాసేపు ఎదురు మాట్లాడలేరు. సారుకు కావలసింది ఆ కాసేపే. కాగితం తనే విప్పి పుల్ల చేతికిచ్చి, కరిపులి ధర దగ్గర మొదలుపెడతాడు.