తాళం సరే, చెవి ఏదీ?

మన దేశంలో పట్టా అక్కర్లేని వైద్యం ఒకటుంది. లావుపాటి మనిషి కనబడగానే ‘కాస్త నోరు కట్టుకో’ అనడం. ఫీజు లేదు, పరీక్షలు లేవు, ఎదుటివాడు అడగాల్సిన పనీ లేదు. పెళ్ళి భోజనాల్లో ఈ ఓపీ మరీ రద్దీగా ఉంటుంది. మూడో బొబ్బట్టు నములుతున్న మేనమామ, ఒక్కటి కూడా వేయించుకోని మేనల్లుడికి హితబోధ చేస్తుంటాడు.

ఆ మేనల్లుడు చిన్నప్పుడు ఇంకో వైద్యం చేయించుకున్నాడు. దాని పేరు ‘కుదురుగా కూర్చో’. మందు బెత్తం రూపంలో, రోజుకు మూడుసార్లు. వారానికో పెన్సిల్ డబ్బా పోగొట్టేవాడు. తెలిసిన లెక్కే సగంలో వదిలేసి కిటికీలోంచి కాకిని చూసేవాడు. అందరూ ‘కోతి’ అని రోగనిర్ధారణ చేశారు. కోతి పెరిగి, ఉద్యోగంలో చేరి, వంద కిలోలు దాటాక నిర్ధారణ మారింది: ‘తిండిపోతు’. రెండు బిరుదులూ ఒకే బుర్రకు దక్కాయని ఎవరికీ తట్టలేదు.

తట్టినవాళ్ళు లేకపోలేదు. 2016లో కోర్టీస్ అనే పరిశోధకుడి బృందం 42 అధ్యయనాలను, 7 లక్షల 28 వేలమంది లెక్కలను ఒకచోట చేర్చి చూసింది. స్థూలకాయం ఏడీహెచ్‌డీ (శ్రద్ధ, కుదురు నిలవని జబ్బు) ఉన్న పెద్దల్లో 28 శాతం, లేనివాళ్ళలో 16 శాతం. ఆ జబ్బుకు మందు వాడుతున్నవాళ్ళలో ఆ తేడా కనబడలేదు. ఒకదానికొకటి కారణమా, ఉత్త తోడా అని పండితులు ఇంకా తర్జనభర్జన పడుతున్నారు. మేనమామకు ఆ సందేహాల్లేవు, చేతిలో బొబ్బట్టుంది.

మేనల్లుడి రోజు చూడండి. పొద్దున టిఫిన్ మర్చిపోయాడు. మధ్యాహ్నం క్యారేజీ బ్యాగులోనే ఉండిపోయింది. పనిలో పడితే ఆకలి కేక వినబడదు. రాత్రి పదకొండుకు ఆ ఆకలి అప్పులవాడిలా వడ్డీతో సహా వచ్చి తలుపు కొట్టింది. ఫ్రిజ్ తెరిచి, ఆ వెలుతురులోనే నిలబడి, గిన్నెలోంచే చల్లటి పులిహోర. ఆ తర్వాత చేగోడీల డబ్బా. మూడో ముద్దకే రుచి పోయింది, చెయ్యి మాత్రం ఆగలేదు. అమ్మ లేస్తుందేమోనని డబ్బా మూత చప్పుడు కాకుండా పెట్టాడు. ఇది అదుపు తప్పి మళ్ళీ మళ్ళీ జరిగితే బింజ్ ఈటింగ్ అంటారు; అమెరికా మనోవైద్యుల గ్రంథం డీఎస్‌ఎం-5 దాన్ని 2013లో విడి జబ్బుగా గుర్తించింది. మన గ్రంథంలో ఇంకా ‘కక్కుర్తి’ అనే ఉంది.

సిగ్గుపడి డైట్ క్లినిక్కుకు వెళ్ళాడు. రంగుల చార్టు చేతిలో పెట్టారు. రాత్రి మెంతులు నానబెట్టాలి, పదకొండుకు ఏడు బాదంపప్పులు, తిన్నదల్లా డైరీలో రాయాలి, వారానికి సరిపడా కూరలు ఆదివారమే తరిగి పెట్టుకోవాలి. ముందుచూపు, వేళకు గుర్తు, మనసుకు పగ్గం: ఏ మూడు లేక వచ్చాడో ఆ మూడే మందుగా రాశారు. కాలు విరిగినవాణ్ణి రోజూ పరిగెత్తుకుంటూ వచ్చి కట్టు కట్టించుకోమన్నట్టు! చార్టు మూడో రోజుకే మాయమైంది. ‘ఈయనకు శ్రద్ధ లేదండీ’ అన్నారు. ఔను మహాప్రభో, ఆ జబ్బు పేరే అది!

ఈలోగా ఇంకో తెలివిగలాయన: ‘ఆ ఏడీహెచ్‌డీ మాత్రేదో నాకూ రాయించవోయ్, పొట్ట తగ్గుతుంది.’ అమెరికాలో 2015లో ఏడీహెచ్‌డీ మందు లిస్‌డెక్సామ్‌ఫెటమిన్‌ను బింజ్ ఈటింగ్‌కు అనుమతించినప్పుడే, బరువు తగ్గడానికి మాత్రం కాదని స్పష్టంగా చెప్పారు. పైగా ఇలాంటి మందు పగలు ఆకలిని అణిచిపెడితే, ప్రభావం దిగాక సాయంత్రం అది తిరగబడవచ్చు. అది కనిపెట్టి నడిపే డాక్టరు కావాలి.

కానీ బరువు డాక్టరు పొలిమేర మెడ కిందే ఆగిపోతుంది. మనసు డాక్టరు పొలిమేర మెడ పైన మొదలవుతుంది. ముద్ద దిగే గొంతు ఎవరి హద్దులోనూ లేదు. ‘బళ్ళో ఎలా ఉండేవాడివి? మధ్యాహ్నం తింటున్నావా?’ అని అడిగే దిక్కు లేదు.

నోటికి తాళం వెయ్యమన్నారు. వేశాడు, ఒకసారి కాదు, వందసార్లు. తాళంచెవి ఎక్కడ పెట్టాడో గుర్తుండని మనిషి. మేనమామ గారూ, అతని చెవి దొరికేదాకా మీ చెవి కాస్త ఇటివ్వండి.