ఇరవై కవర్ల నీలం ఫైలు

ఆత్మకూరు బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో మేకుకు వేలాడిన ఇరవై కవర్ల నీలం ఫైలు ఇది. కథ ఫైలుదే అయినా, అందులో పరుగెత్తేదంతా ఉదయగిరి పిల్ల. ఆత్మకూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. నాలుగు వందల మీటర్లు ఆమె పందెం.

ఫైలు రాకముందు సర్టిఫికెట్లు ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున, పొలం పాసుపుస్తకం కింద ఉండేవి. ఒకదానికి వాన చెమ్మ తగిలి సీలు అలుక్కుపోయింది. ఇంకోదాంట్లో ఇంటిపేరు స్పెల్లింగు పదో తరగతి మెమోతో కలవలేదు. ఆ ఒక్క అక్షరం దిద్దించడానికి మూడుసార్లు నెల్లూరు బస్సెక్కింది. మూడోసారి తిరిగొస్తూ ఈ ఫైలు కొనుక్కుంది.

"ఇవన్నీ మీ ఆటల సారు కాలేజీలకి పంపిస్తాడు గదమ్మా, నీకెందుకీ తిప్పలు?" అన్నాడు నాయన.

"సారుకి ఎంతమంది పిల్లకాయలో చూసినావా నాయనా? నావి నేనే పంపుకుంటా."

ఆ మాటలో సారు మీద నిష్ఠూరం లేదు. మెట్టప్రాంతానికి ఎవరూ వెతుక్కుంటూ రారని తెలిసిన పిల్ల మాట అది.

మొదటి కవర్లో మెడల్ ఫొటో లేదు. ఒక తెల్లకాగితం ఉంది: పందెం, తేదీ, మైదానం, టైము. దాన్ని ఫొటో తీసి ఒక కాలేజీ కోచ్‌కి మెయిల్ పెడితే వచ్చిన జవాబు ఒకటే ప్రశ్న. ఆ టైము చేతి వాచీదా, ఎలక్ట్రానిక్‌దా? స్టాప్‌వాచీ నొక్కే వేలు తుపాకీ మోత తర్వాత కాస్త ఆలస్యంగా కదులుతుంది. అందుకే పోల్చేటప్పుడు చేతి టైముకి 400 మీటర్లకైతే 0.14 సెకను, 100, 200 మీటర్లకైతే 0.24 కలుపుతారు. ఆ రాత్రే ఆమె కాగితం మళ్లీ రాసింది. టైము పెరిగినట్టు కనబడినా సరే, నిజమే రాసింది.

ఈ లెక్కలు చిన్నవి కావు. విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి 2020 జనవరిలో మూడబిద్రిలో వంద మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో దాటింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38, అదీ 2002 నాటిది. అయినా లెక్కకు రాలేదు. డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. 2022 ఏప్రిల్లో కోజికోడ్‌లో 13.09. వెనక నుంచి గాలి సెకనుకు 2.1 మీటర్లు, రికార్డుకు హద్దు 2.0. అదీ పోయింది. మే నెలలో సైప్రస్‌లో 13.23తో గానీ రికార్డు చేతికి రాలేదు. ఆ పేపరు కటింగు రెండో కవర్లో ఉంది.

తర్వాతి కవర్లలో ఆటతో చదువుకునే దారులున్నాయి. ఐఐటీ మద్రాసు 2024–25 నుంచి ప్రతి డిగ్రీ కోర్సులో క్రీడాకారులకు రెండు అదనపు సీట్లు పెట్టింది, ఒకటి ఆడపిల్లలకే. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకూ కావాలి, గత నాలుగేళ్లలో జాతీయ పతకమూ కావాలి. ఆమెది ఇంకా రాష్ట్రస్థాయే. ఆ షరతు కింద ఎర్రగీత గీసుకుంది. మరో దారి బయటి దేశానిది: ఉయ్యూరులో పుట్టిన టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయానికి ఆడుతూ చదివాడు. అక్కడ కోచ్‌లు పిల్లలతో మాట కలపడానికి తేదీల హద్దులున్నాయి. పిల్లలు ముందుగా కోచ్‌కి రాసుకోవడానికి లేవు.

మొన్న ఆదివారం ఉదయగిరిలో, కొండ కింద గట్టు మీద, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అక్కా, నాదీ ఇట్టా రాసిస్తావా?"

"నువ్వే రాయి. టైము పట్టింది చేతి వాచీతోనేనా?"

"ఆఁ."

"అయితే నాలుగొందలకి 0.14 కలుపు."