తెరపి దొరికిన రాత్రి

ఏం బిడ్డా, మళ్ళీ మబ్బేనా? టెలిస్కోపును మిద్దె మీద వదిలేసి, కింద సోఫాలో కూలబడి, ఫోన్‌లో ఉపగ్రహం పంపిన మబ్బుల బొమ్మ చూసుకుంటూ ఉసూరుమంటున్నావు. నాలుగు రాత్రులు ముసురు పడితే చాలు, మీ తరం ఆకాశం మీద అలుగుతుంది. మా రోజుల్లో మృగశిర కార్తె వచ్చిందంటే టెలిస్కోపు అద్దాన్ని గుడ్డలో చుట్టి రేకుడబ్బాలో పెట్టేసేవాళ్ళం. దాని పక్కన సిలికా జెల్ పొట్లం ఉండేది. నీలంగా ఉన్న ఆ గింజలు తేమ తాగి గులాబీ రంగుకు తిరిగితే, పెనం మీద వేయించి, మళ్ళీ నీలం రంగు వచ్చాక డబ్బాలో పోసేవాళ్ళం. ఆ పని మరిచామా, అద్దాలకూ లెన్సులకూ బూజు పట్టిందన్నమాటే. అలా దసరా దాటేదాకా కాచుకుని ఉండేవాళ్ళం. నడుమ ఏ రాత్రయినా తెరపి ఇస్తే, వాన కడిగిన ఆ గాలిలో కనిపించే చుక్కలు ఎండాకాలమంతా వెతికినా దొరికేవి కావు. ఆ ఒక్క రాత్రికే వారం సరిపడా సంతోషపడేవాళ్ళం. మీకు వారమంతా తెరపి ఇచ్చినా తృప్తి ఉండదు.

అసలు మన తెలంగాణలో నీహారికల ఫొటోలు తీయాలనుకున్నవాడికి ఓపిక పుట్టుకతో రావాలి. పాలపుంత నడిబొడ్డు, అంటే ధనూరాశి వైపు, మూల, పూర్వాషాఢ నక్షత్రాల చుట్టుపక్కల లాగూన్, ట్రిఫిడ్ లాంటి నీహారికలన్నీ గుంపుగా ఉంటాయి. అవి అర్ధరాత్రి బాగా పైకి వచ్చేది ఎప్పుడు? జూన్, జూలైలలో. సరిగ్గా అప్పుడే నైరుతి మేఘాలు దిగబడతాయి. కావాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున లేవాలి. మీరు లేవరు. ఇక మృగశిర పక్కన, వరుసగా ఉన్న మూడు చుక్కల కింద ఓరియన్ నీహారిక ఉంటుంది. మృగశిర కార్తెలో చేపలు తినడం అందరికీ తెలుసు కానీ, అప్పుడు సూర్యుడే ఆ నక్షత్రంలో ఉంటాడని, కాబట్టి ఆ నీహారిక పట్టపగలు ఎండ చాటున పోతుందని ఎంతమందికి తెలుసు? అది రాత్రంతా కనపడాలంటే మార్గశిరం రావాలి, పున్నమి చంద్రుడు మృగశిర దగ్గర నిలిచే నెల. పోనీ పున్నమి నాడే తీద్దామంటే ఆ వెన్నెల్లో నీహారిక వెలవెలబోతుంది. అందుకని అటు అమావాస్య దాకా ఆగాలి. ఇదంతా మాకు పంచాంగం చూస్తే తెలిసిపోయేది. మీకు యాప్ చెప్పాలి.

మన ఊరు జల్‌పల్లి అప్పట్లో ఇలా ఉండేది కాదు బిడ్డా. పొలాలు, బండరాళ్ళు, చెరువు, అటు పహాడీ షరీఫ్ గుట్ట. పొద్దుగూకితే శ్రీశైలం రోడ్డు మీద ఎప్పుడో ఒక లారీ వెలుగు. ఉత్తరాన హైదరాబాద్ వెలుతురు కాస్త ఉండేది, దక్షిణం మాత్రం నల్లగా నిగనిగలాడేది. మనం 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం కాబట్టి, యూరప్‌లో చాలామందికి దిగంతం పైకే రాని ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం మనకు 25 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలు అనుకుంటే రెండున్నర పిడికిళ్ళు. కరీనా నీహారిక ఇంకా కిందికి, ఒక పిడికిలి మీద కాస్త. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. ఆ తర్వాత మా దక్షిణం మాకు లేకుండా పోయింది. ఇప్పుడు కరీనా ఉండాల్సిన చోట ఎప్పుడు చూసినా దీపాల పొగమంచే.

ఇక మేం ఫొటో తీసిన తీరు చెబుతాను, ఫోన్ పక్కన పెట్టి విను. భూమి తిరుగుతుంది కాబట్టి చుక్కలు జరుగుతాయి. కెమెరా కూడా వాటితోపాటు జరగకపోతే చుక్క బదులు గీత పడుతుంది. ఇప్పుడు ఆ పని మోటారు చేస్తుంది, అప్పుడు మేం చేసేవాళ్ళం. రెండు చెక్క పలకలు, వాటి మధ్య తలుపుకు వేసే మడతబందు. ఆ బందు గీత నేరుగా ధ్రువనక్షత్రం వైపు చూడాలి. మన దగ్గర ధ్రువుడు రెండు పిడికిళ్ళ ఎత్తు కూడా ఉండడు, ఉత్తరాన చెట్టు అడ్డం వస్తే అంతే సంగతులు. బందు నుంచి 228.6 మిల్లీమీటర్ల దూరంలో కింది పలకకు బెజ్జం పెట్టి 6 మిల్లీమీటర్ల బోల్టు ఎక్కించాలి. ఆ బోల్టు ఒక చుట్టు తిరిగితే పై పలక ఒక మిల్లీమీటరు లేస్తుంది. నిమిషానికి ఒక చుట్టు తిప్పితే పలక మీది కెమెరా ఆకాశంతో సమంగా నడుస్తుంది. ఎందుకంటే చుక్కలు ఒక చుట్టు చుట్టి రావడానికి 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది, 228.6 లెక్క అక్కడి నుంచి వచ్చిందే.

చేతికి హెచ్ఎంటీ గడియారం, టార్చికి ఎర్ర కాగితం. పావు నిమిషానికి పావు చుట్టు. జెనిత్ కెమెరాలో బల్బ్ మీట నొక్కి పట్టుకోవడానికి తీగ బటను. పది నిమిషాలు ఊపిరి బిగబట్టి తిప్పాలి. అంతకు మించితే బోల్టు నిటారుగా ఉన్నందువల్ల లెక్క తప్పుతూ పోతుంది. ఫిల్ముది మరో పేచీ. మొదటి నిమిషంలో పట్టినంత వెలుగు పదో నిమిషంలో పట్టదు, దానికి అలుపొస్తుంది. ఈతచెట్టు ముంతలోకి కల్లు దిగినట్టు, చుక్క తర్వాత చుక్క, ఆ మసకబారిన వెలుగు ఫిల్ము మీదికి దిగాలి. తొందరపెడితే రాదు.

రీలులో 36 బొమ్మలు. అవి పూర్తయ్యేదాకా అందులో ఏముందో ఎవరికీ తెలియదు. నడుమ పెళ్ళో పండగో వస్తే ఆ బొమ్మలు కూడా అదే రీలులో. కడిగించడానికి పట్నం తీసుకెళ్తే, ఒక స్టూడియో వాళ్ళు నల్లటి ఆకాశంలో అంచు కనపడక, బొమ్మకూ బొమ్మకూ మధ్య కోయాల్సిన కత్తెరను నీహారిక నడుమన దించారు. నెలల కష్టం రెండు ముక్కలు. అప్పటి నుంచి ప్రతి రీలులో మొదటి బొమ్మ పగటి పూట తీసేవాళ్ళం, చెట్టో, గేదెనో, వాకిట్లో కూర్చున్న మా అమ్మనో. దాని అంచు పట్టుకుని కొలుచుకుంటూ పోతే తక్కినవి సరిగ్గా తెగేవి. అందుకే మా ఇంట్లో ప్రతి నీహారిక పక్కనా మా అమ్మ ఉంటుంది. మీ హార్డ్‌డిస్కుల్లో ఎవరున్నారు?

ఇప్పుడు నీ చేతిలో సీస్టార్ అని ఒక డబ్బా ఉంది. 50 మిల్లీమీటర్ల లెన్సు. మిద్దె మీద పెట్టి మీట నొక్కితే, చుట్టూ చుక్కలను తనే గుర్తుపట్టి, తనే దారి తెలుసుకుని, నీహారిక మీద వాలుతుంది. పది, ఇరవై, ముప్పై సెకన్ల బొమ్మలు వరుసగా తీసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. ముప్పై సెకన్లవి నూట ఇరవై పేరిస్తే గంట వెలుగు. నువ్వు ఆ గంటా కింద పెరుగన్నం తింటావు. పైకి వచ్చేసరికి ఓరియన్ నీహారిక రెక్కలు విప్పి ఉంటుంది. నా ఫిల్ము మీద అది బూడిదరంగు మచ్చ. బాగుంది, కాదనను, చాలా బాగుంది. నా కడుపుమంట కూడా అదే.

పైగా దానికో ఫిల్టరు. నీహారికలో వేడెక్కిన హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎర్రగా, ఆక్సిజన్ 501 దగ్గర పచ్చనీలంగా వెలుగుతాయి. ఆ రెండు సన్నటి గీతలను వదిలి తక్కిన వెలుతురునంతా ఫిల్టరు ఆపేస్తుంది. అందుకే ఊళ్ళో ఎన్ని దీపాలున్నా నీహారిక దొరుకుతుంది. కానీ గెలాక్సీ సంగతి? గెలాక్సీ అంటే కోటానుకోట్ల నక్షత్రాలు, అన్ని రంగుల వెలుతురూ కలిసే ఉంటుంది. పాత సోడియం దీపం ఎక్కువగా పసుపే చిమ్మేది, దాన్ని వడగట్టి గెలాక్సీని మిగుల్చుకునేవాళ్ళం. ఇప్పటి తెల్ల ఎల్‌ఈడీ కూడా గెలాక్సీలాగే అన్ని రంగులూ చిమ్ముతుంది. ఆండ్రోమెడా నుంచి 25 లక్షల సంవత్సరాలు ప్రయాణం చేసి వచ్చిన వెలుతురును మా గల్లీ స్తంభం మీది దీపం నుంచి విడదీసే ఫిల్టరు ఎవరూ చేయలేరు. కరెంటు ఆదా అని పెట్టారు, పెట్టండి. ఆ వెలుతురు నేల మీద పడేటట్టు పైన ఒక రేకు మూత వేస్తే ఎవరి సొమ్ము పోయింది?

ఇది నా ఒక్కడి ఏడుపు కాదు. ఇబ్రహీంపట్నం దాటి జపాల్, రంగాపూర్ వైపు ఎప్పుడైనా వెళ్ళావా? అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి వేధశాల ఉంది. అప్పటి డైరెక్టరు అక్బర్ అలీ గారి హయాంలో తలపెట్టిన 48 అంగుళాల టెలిస్కోపు 1968లో అక్కడ నిలబడింది. నగరం చీకటి పాడవుతోందని, ఆకాశం నల్లగా ఉన్న చోటు వెతికి వెతికి అక్కడికి వెళ్ళారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ ఆ గుట్టల మీదుగానే పోయింది. ఊళ్ళకు ఊళ్ళు తలుపులు బిడాయించుకుని కూర్చున్న ఆ మధ్యాహ్నం, శాస్త్రవేత్తలు మాత్రం అక్కడ గుమిగూడారు. తర్వాత నగరమే దాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. వేధశాల ఊరి నుంచి పారిపోగలిగింది కానీ ఊరి వెలుతురు నుంచి పారిపోలేకపోయింది.

అంతకు ముందు కథ ఇంకా పాతది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి ఫిసల్‌బండలో నిజామియా వేధశాల పెట్టించాడు. తర్వాత దాన్ని బేగంపేటకు మార్చారు. ఆకాశమంతా ఫొటో తీసి ప్రతి చుక్క చోటూ రాసి పెట్టాలని ప్రపంచంలోని వేధశాలలు వాటాలు వేసుకున్నప్పుడు, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ చిలీ దేశపు శాంటియాగో వాటా. వాళ్ళు చేయలేకపోతే మన హైదరాబాద్ ఎత్తుకుంది. 8 అంగుళాల కెమెరా టెలిస్కోపు, 16 సెంటీమీటర్ల గాజు ప్లేట్లు, వాటి మీద 5 మిల్లీమీటర్లకొకటి చొప్పున కొలత గీతలు. వేధశాల డైరెక్టర్లు పోకాక్, ఆయన తర్వాత భాస్కరన్ ఆ పని నడిపించారు. కంప్యూటర్ లేదు. మనుషులే సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి ఒక్కో చుక్కనూ కొలిచి అంకెలు వేశారు. 7.5 లక్షలకు పైగా చుక్కలు, 12 సంపుటాలు.

ఎందుకు పనికొచ్చింది అంటావు, నాకు తెలుసు. 2000లో టైకో-2 అనే నక్షత్రాల జాబితా వచ్చింది, 25 లక్షల నక్షత్రాలది. ఒక్కో నక్షత్రం ఏడాదికి ఎంత జరుగుతుందో అందులో ఉంది. అది తెలియాలంటే ఇప్పుడు ఎక్కడుందో చెప్పే ఉపగ్రహం ఒక్కటీ చాలదు, అప్పుడు ఎక్కడుండేదో చెప్పే మనిషి కూడా కావాలి. ఆ మనిషి బేగంపేటలోనూ, అలాంటి తక్కిన వేధశాలల్లోనూ కూర్చుని ఆ ప్లేట్లు కొలిచాడు. ఫోన్‌లో నువ్వు చూసుకునే స్టెల్లారియం యాప్ కూడా ఒకప్పుడు ఆ జాబితాను వాడుకుంది. మీ ఆకాశపటంలో మా పాతవాళ్ళ కంటిచూపు కరిగి ఉంది బిడ్డా.

మరి మీరేం మిగులుస్తున్నారు? పేర్చిన బొమ్మ ఒక్కటి ఉంచుకుని, విడివిడి బొమ్మలన్నీ జాగా లేదని చెరిపేస్తారు. పేర్చేటప్పుడు సాఫ్ట్‌వేరు, ఒక్క బొమ్మలో ఉండి తక్కినవాటిలో లేనిదాన్ని చెత్త కింద లెక్కగట్టి తీసేస్తుంది. విమానం గీత, 2019 నుంచి వరుసలు కట్టి తిరుగుతున్న ఉపగ్రహాల గీతలు పోతే పోయాయి. కానీ నెమ్మదిగా జరిగే గ్రహశకలం కూడా దానికి చెత్తే. మనవాడి సంగతే చూడు: నిజామియాలో పనిచేసిన తండ్రి దగ్గర పెరిగి, అక్కడే టెలిస్కోపులో కన్ను పెట్టిన కుర్రవాడు వేణు బప్పు. 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ తను తీసిన ప్లేటును తనే చూస్తుంటే, ఉండకూడని చోట ఒక మసక కనపడింది. అది కొత్త తోకచుక్క. బప్పు–బాక్–న్యూకిర్క్ అని దానికి పేరు. ప్లేటును కంటితో చూశాడు కాబట్టి దొరికింది. నువ్వు తీసిన నూట ఇరవై బొమ్మల్లో ఒక్కదాన్నయినా విడిగా విప్పి చూశావా?

అందుకని చెబుతున్నా. చెరపొద్దు. విడి బొమ్మలు దాచు. ప్రతి మూటకూ తేదీ, మొదలుపెట్టిన గంట, జల్‌పల్లి అని చోటు, ఆ రాత్రి గాలి ఎలా ఉందో ఒక్క ముక్క. బొమ్మకు రంగులద్దుకో, నలుగురికీ చూపించుకో, నేనేం వద్దనను. అసలుది మాత్రం ముట్టుకోకుండా పక్కన పెట్టు. ఎవరో ఒక మనవడు వందేళ్ళకు వచ్చి, ఈ చుక్క అప్పుడు ఇంత వెలిగిందా అని అడుగుతాడు. వాడికి జవాబు నీ దగ్గర ఉండాలి.

ఇంకా మబ్బేనంటున్నావు, మంచిదే. పోయిన చలికాలం బొమ్మలన్నీ తేదీలు లేకుండా పడి ఉన్నాయి కదా, తెరపి ఇచ్చేలోపు వాటి సంగతి చూడు. నేను పక్కన కూర్చుని తప్పులు పడతాను.