తీసేసిన బొమ్మలు

హైదరాబాద్‌లో యానిమేషన్ ఇంకా కాగితం మీద చేత్తో గీస్తున్న రోజులు. ఓ చిన్న స్టూడియోలో కొత్తగా చేరిన కుర్రాడికి టైమింగ్ పిచ్చి. మొదటి నెల జీతంతో వాడు కొన్నది చొక్కా కాదు, స్టాప్‌వాచీ. సంచిలో ఎప్పుడూ రిచర్డ్ విలియమ్స్ 2001లో తెచ్చిన ‘ది యానిమేటర్స్ సర్వైవల్ కిట్’ జిరాక్సు కాపీ. టీ తెచ్చే అబ్బాయి నడిచొస్తుంటే అడుగుకి ఎన్ని ఫ్రేములో లెక్కకట్టేవాడు. సెకనుకి 24 ఫ్రేముల సినిమా లెక్కలో అడుగుకి 12 అయితే కవాతు నడక, 16 అయితే షికారు, 8 అయితే బస్సు తప్పిపోతుందన్న తొందర.

ఏ షాటయినా ముందు తలుపేసుకుని తనే నటించి చూసుకునేవాడు. దాన్ని బల్ల మీద వేళ్ళతో దరువేసి, ఆ దరువుని ఎక్స్‌పోజర్ షీటులో ఫ్రేములుగా రాసుకుని, ఆ తర్వాతే పెన్సిలు పట్టేవాడు. మనలో మాట, టైమింగ్ పట్టుబడాలంటే ఇంతకన్నా మంచి సాధన లేదు.

పక్క బల్ల మాస్టారిది. 1956లో డిస్నీ చిత్రకారుడు క్లెయిర్ వీక్స్ బొంబాయి వచ్చి ఫిల్మ్స్ డివిజన్‌లో మనవాళ్ళకి యానిమేషన్ నేర్పాడు. ఆయన శిష్యుల దగ్గర మాస్టారు పని నేర్చుకున్నారని స్టూడియోలో చెప్పుకునేవారు. గీత చూస్తే నమ్మబుద్ధయ్యేది. కదలిక చూస్తే మాత్రం అనుమానం వచ్చేది. పిల్లి దూకినా, కుండ పగిలినా, అన్నీ ఒకే నింపాదిగా జరిగిపోయేవి.

ఓ రోజు మాస్టారికి బామ్మ షాటు వచ్చింది. వెనక నుంచి ఎవరో పిలుస్తారు, ఆవిడ చటుక్కున తల తిప్పి చూడాలి. ఉన్నది ఒక్క సెకను. మాస్టారు ఫ్రేముకొకటి చొప్పున 24 బొమ్మలు, సమానమైన ఎడాలతో గీశారు. తెర మీద బామ్మ తల టేబుల్ ఫ్యాన్‌లా తిరిగింది.

కుర్రాడికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు అందరికన్నా ముందొచ్చి ఆ కట్ట తీసి లైట్ బాక్సు మీద పరిచాడు. కొత్తగా ఒక్క గీతా గియ్యలేదు. మొదటి బొమ్మని అయిదు ఫ్రేములు ఆపాడు. ఆ పక్కన దగ్గర దగ్గరగా ఉన్న రెండు మూడింటిని రెండేసి ఫ్రేములు ఉంచాడు. అక్కణ్ణుంచి మధ్యలో బొమ్మల్ని ఎడాపెడా తీసేశాడు. ఎడం పెరిగితే వేగం పెరుగుతుంది గదా. చివర మళ్ళీ దగ్గర దగ్గరగా ఉన్నవి ఉంచి, ఆఖరి బొమ్మ మీద ఆరు ఫ్రేములు నిలిపాడు. మొత్తం 14 బొమ్మలు పక్కకి పోయాయి. మిగిలిన పదితో పెన్సిల్ టెస్టు తీస్తే బామ్మకి ప్రాణమొచ్చింది.

మాస్టారు రాగానే, “మీరేమీ అనుకోనంటే ఒకటి చూపిస్తానండీ” అన్నాడు.

ఆయన రెండుసార్లు చూశారు. “బావుందిరా, చాలా బావుంది” అన్నారు.

కుర్రాడికి ఉత్సాహం ఆగలేదు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ పరిగెత్తించాలో, బొమ్మలు పెరిగినకొద్దీ కదలిక ఎలా చప్పబడుతుందో, అన్నీ ఆయనకే విడమరిచి చెప్పాడు. మాస్టారు అడ్డు రాకుండా విన్నారు. కళ్ళజోడు తుడుచుకుంటూ, కట్ట వైపు కూడా చూడకుండా, “తొమ్మిదోది ఎందుకుంచావు? అయిదు నుంచి తిన్నగా పదహారుకి దూకెయ్యాలి. మిగిలిన ఆ ఒక్క ఫ్రేమూ చివరి బొమ్మకి కలుపు, చూపు నిలుస్తుంది” అన్నారు.

కుర్రాడు తొమ్మిదోది తీసి మళ్ళీ వేసి చూశాడు. ఈసారి బామ్మ నిజంగానే ఉలిక్కిపడింది. వాడికి కాసేపు నోట మాట రాలేదు.

“ఇంత తెలిసి ఉండి, మరి మీరు... ఎప్పుడూ అలా ఎందుకు గీస్తారండీ?”

“తీసినవన్నీ మళ్ళీ నంబర్ల వారీగా పెట్టెయ్ నాయనా. నీది నెల జీతం. నాకు బొమ్మకింతని ఇస్తారు.”