ఏకగ్రీవముగా తీర్మానించడమైనది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ పల్లెలోనైనా సరే, సర్కారు ప్రాథమిక పాఠశాలకి వెళ్లి, హెచ్చెమ్ గారి బీరువాలోంచి తల్లిదండ్రుల కమిటీ మినిట్స్ పుస్తకం తీయించి చదివితే కళ్లు చెమరుస్తాయి. అంత ఐకమత్యం అసెంబ్లీలో లేదు, పంచాయతీలో లేదు, గట్టు తగాదా ఉన్న అన్నదమ్ముల మధ్య అసలే లేదు. ప్రతి సమావేశానికీ సభ్యులందరూ వచ్చారు. ప్రతి అంశాన్నీ కూలంకషంగా చర్చించారు. ప్రతి తీర్మానమూ ఏకగ్రీవమే. కాకపోతే జూన్ నుంచి నవంబరు దాకా జరిగిన సమావేశాలన్నీ ఒకే సిరాతో, ఒకే ఊపులో రాసినట్టుంటాయి. ఎమ్మీవో గారు రేపు వస్తారనగా ఈ రాత్రి హెచ్చెమ్ గారింట్లో లైటు ఎంతసేపు వెలిగిందో ఆ దస్తూరీ చూస్తే తెలిసిపోతుంది.

భాష మాత్రం మహా గంభీరం. “పాఠశాల ఆవరణ నందు నీటి కుళాయి మరమ్మత్తు గావించవలెనని సభ్యులు ముక్తకంఠముతో కోరియున్నారు” అని ఉంటుంది. ఆ ముక్తకంఠం అసలు అన్నది “కుళాయి కారిపోతంది మేస్టారూ, సూసుకోండి” అనే ఒక్క ముక్క. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే. సవర పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బళ్లు నడిపిన మనిషి ఆయన. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరిపినట్టు ఇదే పుస్తకంలో గ్రాంథికంలో నమోదు చేస్తారు.

ఈ కమిటీల విషయంలో చట్టం తప్పేమీ లేదు. 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యా హక్కు చట్టం, 21వ సెక్షన్‌లో స్పష్టంగానే చెప్పింది. ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. బడి ఎలా నడుస్తోందో కనిపెట్టడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడడం వీళ్ల పని. మన రాష్ట్రం నియమాల్లో తరగతికి ముగ్గురు చొప్పున లెక్క కట్టారు. అయిదు తరగతులకి 15 మంది. వాళ్లలోంచే చైర్మన్, వైస్ చైర్మన్. హెచ్చెమ్ గారు కన్వీనర్. అంటే కాగితం మీద తల్లిదండ్రులు యజమానులు, హెచ్చెమ్ గారు వాళ్ల గుమస్తా. సమావేశం పిలవడం, కుర్చీలు వేయించడం, టీ చెప్పడం, యజమానులు ఏం మాట్లాడబోతున్నారో ముందే రాసి పెట్టడం, ఇదంతా గుమస్తా నెత్తిన పడింది.

2024 ఆగస్టు 8న రాష్ట్రమంతటా ఈ కమిటీలకి ఎన్నికలు జరిగాయి. సగం మంది తల్లిదండ్రులు వస్తేనే కోరం. ఒక పిల్లకి ఒకే ఓటు, అమ్మో నాన్నో ఇంట్లోనే తేల్చుకుని రావాలి. జీతం లేని, జీపు లేని, సంతకం తప్ప మరో అధికారం లేని ఈ పదవికి కొన్ని ఊళ్లలో సర్పంచి ఎన్నికంత వేడి పుట్టింది. రెండు పార్టీల వాళ్లూ చెరో వైపు అరుగెక్కి, రెండో తరగతి పిల్లల తల్లుల్ని లెక్కబెట్టుకున్నారు. ఆ పిల్లలకి రెండో ఎక్కం వచ్చో రాదో ఎవరూ అడగలేదు.

గెలిచిన చైర్మన్ చాలా చోట్ల హెచ్చెమ్ గారి పాత శిష్యుడే అయి ఉంటాడు. ఎమ్మీవో గారి ముందు మాస్టారు “చైర్మన్ గారూ, ఇలా వేంచేయండి” అంటారు. ఎమ్మీవో గారి మోటారు సైకిలు మలుపు తిరగ్గానే “ఒరే, ఆ మూడు పేజీల్లోనూ సంతకం పెట్టరా” అంటారు. చైర్మన్ రెండు పిలుపులకీ ఒకేలా నిలబడతాడు. చదివి సంతకం పెట్టమంటే నవ్వేస్తాడు. “మీరు రాసినది నాను సదవడమేటి మేస్టారూ, ఎక్కడెట్టాలో సెప్పండి, ఎట్టీస్తాను.” చిన్నప్పుడు ఇదే బడిలో, ఇదే మనిషి ముందు, తప్పు రాసినందుకు గోడకుర్చీ వేసిన శిష్యుడు ఇప్పుడు ఆయన లెక్కలు తనిఖీ చేయాలన్నది పార్లమెంటు ఆశయం.

తనిఖీకి లెక్కలుండాలి కదా. సమగ్ర శిక్ష ఇచ్చే స్కూలు గ్రాంటు 30 మంది పిల్లల దాకా ఉన్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు. 31 నుంచి 100 మంది ఉంటే 25,000. సుద్దముక్కలు, రిజిస్టర్లు, బల్బులు, చీపుళ్లు, తాళాలు, పంద్రాగస్టు చాక్లెట్లు అన్నీ అందులోనే. చిన్న బడిలో 15 మంది ప్రజా ప్రతినిధులు తలా 667 రూపాయల మీద నిఘా వేస్తారన్నమాట. ఆ 10,000 కూడా బడి తెరిచిన రోజున రాదు. అది వచ్చేదాకా మాస్టారు జేబులోంచి పెడతారు. వచ్చాక ఆ జేబు ఖర్చుకి బిల్లు ఏదని ఆడిటర్ అడుగుతారు. వెనకటి వీధిబడి అయ్యవారికి ఈ బాధ లేదు. దసరా వస్తే పిల్లల చేతికి విల్లంబులిచ్చి ఇంటింటికీ తిప్పి మామూలు వసూలు చేసుకునేవాడు. బుక్కాగుండ ముక్కులో పడి ఇంటాయన తుమ్మితే అదే రశీదు.

పెద్ద డబ్బు వచ్చిన కాలం కూడా ఒకటుంది. విజయనగరం జిల్లాకి ఆ వాసన 1990ల్లో డీపెప్ అనే జిల్లా ప్రాథమిక విద్యా పథకం రోజుల నుంచే తెలుసు. 1998లో విద్యా కమిటీల చట్టం వచ్చింది. తర్వాత 2019 నవంబరు 14న ఒంగోలులో బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది, మొదటి విడతలో 15,715 బళ్లు. పనులన్నీ తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించాలన్నారు. ఉద్దేశం మంచిదే, కంట్రాక్టరు తినకుండా బడికి అమరుతుంది. నిజానికి చాలా బళ్లకి బల్లలు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు అప్పుడే వచ్చాయి. అయితే కమిటీ సిమెంటు బస్తాలు లెక్కపెట్టింది, హెచ్చెమ్ గారు సైట్ ఇంజినీరయ్యారు. పొద్దున్న టైల్స్ ఫొటో, మధ్యాహ్నం గుడ్ల ఫొటో, సాయంత్రం మరుగుదొడ్డి ఫొటో, మూడింటికీ మూడు యాప్‌లు. సిగ్నల్ కోసం పాలకొండ ఏజెన్సీలో మాస్టారు చింతచెట్టెక్కితే, పిల్లలు కింద నుంచి చూసి పర్యావరణ పాఠం అనుకున్నారు. ఆ తర్వాత రెండో విడత గదులు చాలా చోట్ల సగంలో ఆగాయి. మొండి గోడల్లోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వల మీద పిల్లల చొక్కాలు ఆరుతుంటాయి. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, చువ్వలు మారలేదు.

ఇక విలీనం ముచ్చట. 2022లో జీవో 117 వచ్చి, మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గరలో ఉన్న హైస్కూలుకి పంపమంది. చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడికి తాళం వేసి రోడ్డెక్కారు. ఏడేళ్ల దాకా ఊళ్లో, ఎనిమిదేళ్లకి హైవే దాటి అవతల అంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? కమిటీ ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు గానీ అది లెక్కల పాఠానికి పనికొచ్చే విషయం. మిగిలినవి ఒకటి, రెండు తరగతులు. తరగతికి ముగ్గురంటే ఆరుగురు. తరగతిలో ఆరుగురు పిల్లల కన్నా తక్కువుంటే పక్క తరగతితో కలపాలని నియమం, అప్పుడు ముగ్గురే. ముగ్గురిలో చైర్మన్, వైస్ చైర్మన్ పోగా ప్రజలుగా మిగిలింది ఒక్కరు. 2022లో బళ్లు ఆరు రకాలన్నారు. 2025లో జీవో 117 ఎత్తేసి తొమ్మిది రకాలన్నారు. ఏ రకం బడిలో తమ పిల్ల చదువుతోందో చెప్పగల తల్లి ఉంటే ఆవిణ్ణి నేరుగా డీఈవో ఆఫీసులో వేసుకోవచ్చు.

మెగా పీటీఎంల, అంటే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసే పెద్ద సమావేశాల విషయానికొస్తే అవి ఈ ప్రభుత్వం పండగలు. మొదటిది 2024 డిసెంబరు 7న. రెండోది 2025 జులై 10న. మూడోది అదే ఏడాది డిసెంబరు 5న, దానికి ముఖ్యమంత్రి చంద్రబాబు, విద్యామంత్రి లోకేశ్ వచ్చింది మన వైపుకే, భామినికి. భామిని 2022 దాకా శ్రీకాకుళం జిల్లాయే, ఇప్పుడు పార్వతీపురం మన్యం. తండ్రులు ఒక్కసారైనా బడి గడప తొక్కారు, పిల్ల ప్రోగ్రెస్ కార్డు చేత్తో పట్టుకున్నారు, అది చిన్న విషయం కాదు. మొదటి విడతలో తల్లులకి ముగ్గుల పోటీ, తండ్రులకి తాడు లాగుడు పెట్టారు. తాడు లాగుడులో చైర్మన్ వర్గం ఒకవైపు, ఓడిన వర్గం ఒకవైపు చేరినచోట మాత్రం పోటీని నలుగురు పెద్దమనుషులు వచ్చి విడదీయవలసి వచ్చింది.

అంతమంది మళ్లీ వచ్చేది తల్లికి వందనం పథకం డబ్బులు పడ్డ వారం. 15,000లో బడి నిర్వహణకని 2,000 పోగా 13,000 ఖాతాలో పడాలి. పడనివాళ్లంతా బ్యాంకుకి కాదు, బడికే వస్తారు. కరెంటు బిల్లు 300 యూనిట్లు దాటిందనో, ఆధార్ లింకు కాలేదనో మాస్టారు ఫోన్‌లో చూసి చెప్పాలి. “పక్కింటోలికి పడింది, మాకేల పడలేదు మేస్టారూ?” అన్న ప్రశ్నకి సమాధానం ఏ బీఈడీ కాలేజీలోనూ నేర్పలేదు. పిల్ల ఎలా చదువుతోందని ఆ వారంలో అడిగిన తల్లి ఎక్కడైనా కనబడితే మాస్టారికి అనుమానం, ఈవిడకి డబ్బులు పడిపోయినట్టున్నాయని.

మరి మామూలు నెలల్లో ఎవరు వస్తారు? ముసలమ్మలు వస్తారు. అమ్మా నాన్నా హైదరాబాదులో మేస్త్రీ పనిలోనో, చెన్నైలో అపార్ట్‌మెంటు కాపలాలోనో, వేరావల్‌లో గుజరాతీ షావుకారి బోటు మీదో ఉంటారు. ఉద్దానం నుంచి భోగాపురం తీరం దాకా ఇదే వరస. వాట్సాప్ గ్రూపులో మీటింగు మెసేజి పెడితే తండ్రి అరేబియా సముద్రం నుంచి బొటనవేలి బొమ్మ పెడతాడు. అసలు బొటనవేలు ముద్ర అతని తల్లి వేస్తుంది. ఇంకు ప్యాడ్ మీద నొక్కి, మాస్టారు చూపించిన గడిలో వేసి, వేలు నెత్తికి రాసుకుని తుడుచుకుంటుంది. చట్టంలో సంరక్షకులు అనే మాట రాసినవాళ్లకి ఈవిడ తట్టిందో లేదో గానీ, ఈ రెండు జిల్లాల్లో కమిటీలు నిలబడింది ఆ ఒక్క మాట మీదే. ఎజెండాలో అభివృద్ధి ప్రణాళిక అని ఉంటే ఆవిడ ఎజెండా వేరే. “మా గుంటడు బువ్వ తింతన్నాడా బావూ? వాలమ్మ పోన్లో అడుగుతంది.”

ఆ ప్రశ్న ఆవిడ వంటగది దాకా తీసుకెళ్తుంది. మధ్యాహ్న భోజనం పథకం పేరు 2020లో గోరుముద్ద, 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరు. బియ్యం వేరే వస్తాయి, గుడ్డు, చిక్కీ వేరే వస్తాయి. కూరలు, పప్పు, నూనె, పోపుకి ప్రాథమిక తరగతుల్లో రోజుకి పిల్లకి కేంద్రం 2025 మే 1 నుంచి ఖరారు చేసిన రేటు 6 రూపాయల 78 పైసలు. బడి ఎదురుగా కొట్లో టీ పది రూపాయలు. వండే ఆవిడకి నెలకి గౌరవ వేతనం 3,000. పెట్టేముందు ఎవరో ఒకరు రుచి చూసి రిజిస్టర్లో రాయాలి. ఆ రిజిస్టర్లో ఉప్పు ఏనాడూ ఎక్కువ కాలేదు, సాంబారు ఏనాడూ పల్చబడలేదు. ముసలమ్మ మాత్రం గరిటెతో తీసి అరచేతిలో వేసుకుని నాకి, “ఇది పప్పా, కడుగు నీలా?” అంటుంది. అది రిజిస్టరుకెక్కదు. మర్నాడు పొద్దున్నే ఇంటి దడి మీద కాసిన ఆనపకాయలు రెండు చంకనెట్టుకొచ్చి వంటగదిలో పడేసి పోతుంది. అదీ రిజిస్టరుకెక్కదు. మాస్టారు ట్రైనింగుకి వెళ్లిన రోజున ఏకోపాధ్యాయ బడిలో పిల్లల్ని కూచోబెట్టి ఎక్కాలు చెప్పించే డిగ్రీ పాసైన కోడలు పిల్ల ఎక్కడా ఎక్కదు. సెలవుల్లో పంపు మోటారు ఎవరూ ఎత్తుకుపోకుండా బడి వరండాలో పడుకునే తాత అంతకన్నా ఎక్కడు.

కొత్తగా వచ్చిన టీచరమ్మకి ఇది అన్యాయంగా తోచింది. పోయిన సమావేశంలో పట్టుబట్టి మినిట్స్‌లో రాయించింది, “గ్రామస్థులు పాఠశాలకు ఉచితముగా ఆనపకాయలు సమకూర్చియున్నారు” అని. పుస్తకం మండలం ఆఫీసు చూసి వచ్చింది. ఎర్ర సిరాతో పక్కన ప్రశ్న ఉంది. దాత పేరు, కాయల బరువు, విలువ, రశీదు నంబరు ఏవి? మిగిలిన వంట ఖర్చు ఏ పద్దులో జమ కట్టారు?

హెచ్చెమ్ గారు ముసలమ్మని పిలిపించి, బరువెంతుంటుందో చెప్పమన్నారు. ఆవిడ చాలాసేపు ఆలోచించింది.

“కోసినప్పుడా, మోసినప్పుడా బావూ?”